గర్భాశయ ముఖద్వార పరీక్ష వద్దనవచ్చు, అయితే ఆ 'వద్దు' దేనికో తేల్చుకోండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీకు 38 ఏళ్లు, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌కు రమ్మంటూ మళ్లీ ఉత్తరం వచ్చింది. చాలా ఏళ్ల కిందట ఒకసారి పాప్ స్మియర్ (ముఖద్వారం నుంచి కణాలు తీసి చూసే పరీక్ష) చేయించుకున్నారు. నొప్పి పుడుతోందని చెప్పినా ఆపలేదు. అప్పటి నుంచి ఆ గది గుర్తుకొస్తేనే మనసు వెనకాడుతోంది. ఇప్పుడేమో మీ డాక్టరు ఈ పరీక్ష చేయించుకుంటేనే గర్భనిరోధక మాత్రలు మళ్లీ రాసిస్తానన్నారు. మీ అక్కగారు "ఇద్దరు పిల్లల తల్లివి, వద్దనే హక్కు నీకు లేదు" అంటున్నారు. నేను వద్దనవచ్చా, అంటే బాధ్యత లేనిదాన్ని అవుతానా అని అడిగారు.

వద్దనవచ్చు. ఎవరికీ సంజాయిషీ ఇవ్వకుండా కూడా వద్దనవచ్చు. నేను స్త్రీల వైద్యురాలిని. నా వృత్తి జీవితంలో ఎక్కువ కాలం ఈ పరీక్షలు చేయడంలో, తేడా కనిపించినవారికి కాల్పోస్కోపీ (ముఖద్వారాన్ని పెద్దదిగా చూపే పరికరంతో పరిశీలించడం), చికిత్స చేయడంలో గడిచింది. ఈ పరీక్ష ప్రాణాలు కాపాడుతుందని నాకు గట్టి నమ్మకం. అంత నమ్మకం ఉండి కూడా మీకు ఆ స్వేచ్ఛ ఉందని ఎందుకు అంటున్నానో కాస్త వివరంగా చెప్పాలి. మీ 'వద్దు' దేనికి వర్తిస్తుందో, దేనికి వర్తించదో కూడా చెప్పాలి.

మొదట వర్తించనిది. నెలసరికీ నెలసరికీ మధ్య రక్తం కనపడటం, కలయిక తర్వాత రక్తం రావడం, ముట్లుడిగిన తర్వాత ఒక్క చుక్కైనా కనపడటం, ఎన్నడూ లేని దుర్వాసనతో నీళ్లలాంటి స్రావం, తగ్గని పొత్తికడుపు నొప్పి. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అది స్క్రీనింగ్ పరిధిలోకి రాదు. అప్పుడు కావలసింది ఉత్తరం చూసి వేసుకునే అపాయింట్‌మెంటు కాదు, కారణం వెతికే వైద్య పరీక్ష. పోయిన ఏడాది పాప్ స్మియర్ మామూలుగా వచ్చింది కదా అని ఊరుకోకూడదు. స్క్రీనింగ్ పరీక్ష ఏ లక్షణమూ లేనివారి కోసం తయారైంది. లక్షణాలు ఉన్న మనిషికి క్యాన్సర్ లేదని అది తేల్చి చెప్పలేదు. స్క్రీనింగ్ వద్దనుకున్నవారు ఈ లక్షణాలను మనసులో ఉంచుకోవాలి, కనిపిస్తే ఆలస్యం చేయకుండా వెళ్లాలి. "నేను అప్పుడు వద్దన్నాను, ఇప్పుడు ఏ ముఖంతో వెళ్లను" అని ఆగిపోయినవారిని చూశాను. ఆ సంకోచం ఎవరికీ ఉండకూడదు. వద్దన్నందుకు మందలించే డాక్టరే ఆ సంకోచానికి కారకులవుతారు.

ఇక మాత్రల సంగతి. గర్భనిరోధక మాత్రలు రాయడానికి ముఖద్వార పరీక్ష అవసరం లేదు. లోపలి పరీక్ష కూడా అవసరం లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచనలు ఈ విషయంలో స్పష్టంగా ఉన్నాయి. చూడవలసింది మీ రక్తపోటు. అడగవలసింది పొగ తాగుతారా, మైగ్రేన్ తలనొప్పి ఉందా, మీకు గానీ దగ్గరివారికి గానీ రక్తం గడ్డకట్టిన సందర్భం ఉందా అని. మీ వయసులో ఈ ప్రశ్నలకు మరీ ప్రాముఖ్యం ఉంది. వాటిని వదిలి, సంబంధం లేని పరీక్షను ముందు పెట్టి మందు ఆపడం వైద్యం అనిపించుకోదు, అది ఒత్తిడి. ఒక నిజం మాత్రం దాచను. మాత్రలు అయిదేళ్లు, అంతకుమించి వాడినవారిలో ముఖద్వార క్యాన్సర్ ప్రమాదం కొద్దిగా పెరుగుతుంది, మానేశాక క్రమంగా తగ్గుతుంది. ఇది మీకు చెప్పవలసిన సమాచారమే. మాత్రలు ఆపివేయడానికి కారణం మాత్రం కాదు. మాత్రలు దొరకక వద్దనుకున్న గర్భం వస్తే దాని భారం మోయవలసింది మీరు, ఆ షరతు పెట్టినవారు కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జబ్బు పడిన మనిషి డాక్టరు దగ్గరికి వెళ్లడం వేరు. ఆరోగ్యంగా ఉన్న మనిషిని వైద్య వ్యవస్థ ఉత్తరం పంపి పిలవడం వేరు. మొదటిదానిలో సాయం కోరింది మీరు. రెండోదానిలో పిలుపు వాళ్లది. పిలిచినవారి మీద ఎక్కువ బాధ్యత ఉంటుంది. మేలు ఎంత, కీడు ఎంత, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్న మూడూ దాపరికం లేకుండా చెప్పాలి. నేను చూసిన చాలా కరపత్రాల్లో మొదటిది పెద్ద అక్షరాల్లో ఉంటుంది, రెండోది చివర్లో ఉంటుంది, మూడోది భయపెట్టే ధోరణిలో ఉంటుంది. దీని వెనుక ఏర్పాట్లు కూడా ఉన్నాయి. ఇంగ్లండునే తీసుకోండి. 1988లో అందరినీ కంప్యూటర్ ద్వారా పిలిచే పద్ధతి వచ్చింది. 1990 నుంచి కుటుంబ వైద్యులు తమ దగ్గర నమోదైన స్త్రీలలో 80 శాతం మందికి ఈ పరీక్ష పూర్తిచేస్తే అదనపు చెల్లింపు అందేది. పరీక్షలు పెరిగాయి, మరణాలు తగ్గాయి. అదే సమయంలో ఎదుట కూర్చున్న స్త్రీ ఒప్పుకుంటుందా లేదా అన్నది డాక్టరు ఆదాయంతో ముడిపడింది. అంత మాత్రాన ఏ డాక్టరూ చెడ్డవారు అయిపోలేదు. కానీ అలాంటి గదిలో "మీ ఇష్టం" అన్న మాట అంత తేలిగ్గా నోట రాదు.

సమ్మతి గురించి మాట్లాడేటప్పుడు న్యూజిలాండ్‌లో జరిగినది ప్రతి స్త్రీకీ తెలియాలని నా కోరిక. ఆక్లండ్‌లోని నేషనల్ విమెన్స్ హాస్పిటల్‌లో హెర్బర్ట్ గ్రీన్ అనే వైద్యుడు ఉండేవారు. క్యాన్సరుకు ముందు దశలోని కణాలు నిజంగా క్యాన్సరుగా మారవని ఆయన నమ్మకం. 1966 నుంచి, ఆ దశ బయటపడిన స్త్రీలలో కొందరికి పూర్తి చికిత్స చేయకుండా, మళ్లీ మళ్లీ పిలిపించి పరీక్షలు చేస్తూ గమనించారు. తాము ఒక అధ్యయనంలో భాగమని ఆ స్త్రీలకు తెలియదు, ఎవరూ వారిని అడగలేదు. పిలిచినప్పుడల్లా వచ్చారు, డాక్టరు మాట విన్నారు. 1987లో సాండ్రా కోనీ, ఫిలిడా బంకల్ అనే ఇద్దరు రచయిత్రులు ఒక పత్రికలో ఈ సంగతి బయటపెట్టారు. న్యాయమూర్తి సిల్వియా కార్ట్‌రైట్ విచారణ జరిపి 1988లో నివేదిక ఇచ్చారు.

ఆ స్త్రీల రికార్డులను తర్వాత మళ్లీ పరిశీలించి 2008లో ఫలితాలు ప్రచురించారు. తీవ్రమైన ముందు దశ, అంటే ఇప్పుడు సీఐఎన్-3 అనే దశ, ఉండి బయాప్సీకి, అంటే పరీక్ష కోసం, చిన్న ముక్క తీయడంతో సరిపెట్టిన స్త్రీలలో 30 ఏళ్లలో దాదాపు 31 శాతం మందికి క్యాన్సర్ వచ్చింది. సరైన చికిత్స అందినవారిలో అది 0.7 శాతం. ఈ పరీక్షకు అనుకూలంగా ఇంతకంటే బలమైన సాక్ష్యం నాకు తెలియదు. ముందు దశను పట్టుకుని తొలగిస్తే ఎంత తేడా వస్తుందో ఆ స్త్రీల శరీరాలే చెప్పాయి. సమ్మతి లేకుండా స్త్రీ శరీరం మీద నిర్ణయాలు జరిగితే ఏమవుతుందో కూడా ఆ శరీరాలే చెప్పాయి. కార్ట్‌రైట్ నివేదిక ఈ రెండు పాఠాలనూ విడదీయలేదు. దేశమంతటికీ స్క్రీనింగ్ కార్యక్రమం ఉండాలని అడిగింది, రోగుల హక్కులకు చట్టబద్ధమైన రక్షణ కావాలని కూడా అడిగింది. ఆ దారిలోనే 1996లో అక్కడ రోగుల హక్కుల నియమావళి వచ్చింది. సేవను నిరాకరించే హక్కు, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కు అందులో స్పష్టంగా రాసి ఉన్నాయి. స్క్రీనింగ్ కావాలనడం ఒక పక్షం, వద్దనే హక్కు ఉండాలనడం దాని ఎదురు పక్షం అన్నట్టు ఎవరైనా వాదిస్తే నాకు ఈ నివేదికే గుర్తుకొస్తుంది.

పై 31 శాతం చూసి మీరు బెదిరిపోకండి. అది అప్పటికే తీవ్రమైన ముందు దశ ఉన్నవారి లెక్క. పరీక్షకు వచ్చే స్త్రీలలో చాలామందికి అసలు ఏమీ ఉండదు. కాబట్టి ఒక్కొక్కరి స్థాయిలో చూస్తే మేలు చిన్నదిగా కనిపిస్తుంది. ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ఏంజెలా రాఫిల్, ఆమె సహచరులు 2003లో ఒక లెక్క ప్రచురించారు. పాత పాప్ స్మియర్ పద్ధతిలో సుమారు 1,000 మంది స్త్రీలను 35 ఏళ్ల పాటు పరీక్షిస్తూ ఉంటే ఒక మరణం తప్పుతుంది. ఏడాదికి 200 పరీక్షలు చేసే ఒక నర్సు 38 ఏళ్లు పనిచేస్తే ఒక ప్రాణం నిలుస్తుంది, ఆ కాలంలో 150 మందికి పైగా స్త్రీలకు 'తేడా ఉంది' అన్న ఫలితం చెప్పవలసి వస్తుంది. రాఫిల్ స్క్రీనింగ్‌కు వ్యతిరేకి కాదు, ఆ కార్యక్రమం నడిపినవారే. ఆమె చెప్పింది పరీక్ష వృథా అని కాదు, ఒక ప్రాణం కోసం ఎందరు స్త్రీలు ఆందోళన, మళ్లీ పరీక్షలు, చికిత్సలు భరిస్తున్నారో గుర్తించమని. ఆ ఒక్కరు ఎవరో ముందుగా ఎవరికీ తెలియదు. అందుకే ఒక స్త్రీ ఆ లెక్క విని "నాకు చేయించుకోవాలని ఉంది" అన్నా, "నాకు వద్దు" అన్నా, రెండూ ఆలోచన ఉన్న సమాధానాలేనని ఒప్పుకుంటాను.

కీడు గురించి కూడా చెప్పాలి. 'తేడా ఉంది' అన్న మాట విన్న స్త్రీ ఆ క్షణం నుంచి క్యాన్సర్ వచ్చిందనే అనుకుంటుంది. ఎంత నచ్చజెప్పినా కాల్పోస్కోపీ రోజు దాకా నిద్ర పట్టదు. కనిపించిన మార్పుల్లో చాలావరకు వాటంతట అవే పోతాయి. మధ్యస్థంగా ఉండే సీఐఎన్-2 దశలో కూడా దాదాపు సగం రెండేళ్లలో చికిత్స లేకుండానే తగ్గుతాయి. ఎవరిది తగ్గుతుందో ముందే తెలియదు గనుక కొందరికి అవసరం లేని చికిత్స జరుగుతుంది. విద్యుత్ తీగతో ముఖద్వారం నుంచి చిన్న భాగం తీసేసే చికిత్స సాధారణంగా సురక్షితమే. అయితే లోతుగా తీసినప్పుడు తర్వాతి కాన్పు నెలలు నిండకముందే వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పిల్లలు కావాలనుకునే యువతికి ఇది చిన్న విషయం కాదు. 25 ఏళ్ల లోపువారిని చాలా దేశాలు పిలవడం మానేయడానికి ఇదొక కారణం. ఆ వయసులో మార్పులు ఎక్కువ, క్యాన్సర్ బహు అరుదు.

ఇక ఈ జబ్బు నడక. ముఖద్వార క్యాన్సరుకు దాదాపు ప్రతిసారీ మూలం హెచ్‌పీవీ వైరస్. ఆ సంబంధాన్ని చూపిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. లైంగిక జీవితం ఉన్న మనుషుల్లో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు ఇది సోకుతుంది, పది మందిలో తొమ్మిది మంది శరీరాలు దాన్ని వాటంతట అవే అణచివేస్తాయి. అణగకుండా ఏళ్ల తరబడి నిలిచిపోయినప్పుడే కణాలు మారడం మొదలవుతుంది. రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్న స్త్రీలో క్యాన్సర్ దాకా రావడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. ఇక్కడ మీకు పనికొచ్చే సంగతి ఒకటి ఉంది. ఈ నెల వద్దన్నంత మాత్రాన ఏదో మునిగిపోదు. ఆలోచించుకోవడానికి వ్యవధి ఉంది. ఇప్పుడు కాదని వచ్చే ఏడాది వెళ్లినా ఆ తలుపు తెరిచే ఉంటుంది. మరో మాట, అడగడానికి స్త్రీలు బిడియపడతారు గనుక అడక్కుండానే చెబుతున్నాను: హెచ్‌పీవీ ఉందని తేలితే భర్తను గానీ మిమ్మల్ని గానీ అనుమానించుకోవలసిన పని లేదు. ఆ వైరస్ ఏళ్ల తరబడి నిశ్శబ్దంగా ఉండిపోగలదు. ఎప్పుడు, ఎవరి నుంచి వచ్చిందో ఏ పరీక్షా చెప్పలేదు. ఈ భయంతోనే పరీక్షకు రానివారు ఉన్నారు. వారికి ఎవరైనా ఈ రెండు ముక్కలు చెప్పి ఉంటే బాగుండేది.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆపిన మాట "చెప్పినా ఆపలేదు" అన్నది. మీరు వద్దంటున్నది క్యాన్సరును ముందుగా కనిపెట్టడాన్నా, లేక యోనిని తెరిచి ఉంచే స్పెక్యులం అనే పరికరాన్నీ, అది వాడిన చేతినా? కాసేపు ఆలోచించండి. ఈ రెండూ ఒకటి కానక్కర్లేదు. నా దగ్గరికి వచ్చి గట్టిగా వద్దన్న స్త్రీలలో ఎక్కువమంది వద్దన్నది రెండోదాన్ని. చిన్నప్పుడు జరిగిన అఘాయిత్యం ఒకరికి, కష్టమైన కాన్పు ఒకరికి, ముట్లుడిగాక వచ్చిన పొడితనం ఒకరికి, మగ డాక్టరు ముందు పడుకోవలసి రావడం మరొకరికి. "అందరూ చేయించుకుంటున్నారు, నీకేమిటి" అన్న మాట వీరిలో ఎవరికీ జవాబు కాలేదు.

వీటిలో చాలావాటికి మార్గాలున్నాయి. స్పెక్యులం చిన్న సైజులో కూడా వస్తుంది, అడిగితే వాడతారు. దాన్ని మీరే లోపలికి పెట్టుకోవచ్చు. వెల్లకిలా కాకుండా పక్కకు తిరిగి పడుకోవచ్చు. తోడుగా ఒకరిని ఉంచుకోవచ్చు, లేదా గదిలో అనవసరంగా ఉన్నవారిని బయటికి పంపమనవచ్చు. స్త్రీ డాక్టరునో నర్సునో కావాలని అడగవచ్చు. ముట్లుడిగినవారికి కొన్ని వారాల ముందు నుంచి ఈస్ట్రోజన్ క్రీము వాడితే నొప్పి చాలా తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యమైనది, మొదలుపెట్టక ముందే "నేను ఆపమంటే వెంటనే ఆపాలి" అని చెప్పి, సరేనన్న మాట తీసుకోవడం. ఆపమన్నాక కొనసాగించిన పరీక్షకు మీ సమ్మతి లేదు. మీకు అప్పుడు జరిగింది తప్పు. మీరు సున్నితమైనవారు కావడం వల్ల అలా అనిపించిందని ఎవరైనా అంటే నమ్మకండి.

ఇంకా పెద్ద మార్పు ఒకటి వచ్చింది. పాప్ స్మియర్‌లో కణాలను మైక్రోస్కోపు కింద చూస్తారు గనుక ముఖద్వారం నుంచే వాటిని తీయాలి, స్పెక్యులం తప్పదు. హెచ్‌పీవీ పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్ని వెతుకుతుంది. దానికి యోని నుంచి చిన్న పుల్లకు (స్వాబ్‌కు) అంటిన స్రావం చాలు, దాన్ని మీరే తలుపు వేసుకుని తీసుకోవచ్చు. మంచి ప్రయోగశాల పద్ధతి వాడితే ఫలితం డాక్టరు తీసిన నమూనాకు దాదాపు సమానంగా ఉంటుంది. ఆస్ట్రేలియా 2017 డిసెంబరులో పాప్ స్మియర్ స్థానంలో హెచ్‌పీవీ పరీక్ష తెచ్చింది, 2022 జులై నుంచి నమూనా ఎవరు తీయాలో ఎంచుకునే అవకాశం అర్హులైన స్త్రీలందరికీ ఇచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ పద్ధతిని సిఫారసు చేస్తోంది. ఏళ్ల తరబడి ఉత్తరాలు చింపేసిన స్త్రీలు ఈ పుల్లను మాత్రం తీసుకెళ్లి తిరిగి తెచ్చివ్వడం చూసినప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. వారిని మనం ఇన్నాళ్లూ 'నిరాకరించినవారు' అని రాసుకున్నాం. వారు నిరాకరించింది మన పద్ధతిని. ఫలితంలో వైరస్ కనిపిస్తే తర్వాత స్పెక్యులంతో చూడవలసి వస్తుంది, అది ముందే తెలుసుకుని మొదలుపెట్టాలి. కానీ చాలామందికి అంతదాకా రాదు.

ఒక హెచ్‌పీవీ పరీక్షకూ మరొకదానికీ మధ్య వ్యవధి కూడా ఎక్కువ. ఏటా చేయించుకోవాలన్న పాత అలవాటు ఇప్పటికీ కొన్నిచోట్ల కొనసాగుతోంది, దానికి ఆధారం లేదు. మామూలు ప్రమాదం ఉన్న స్త్రీలకు 30 ఏళ్ల నుంచి మొదలుపెట్టి, అయిదు నుంచి పదేళ్లకు ఒకసారి హెచ్‌పీవీ పరీక్ష అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏడాదికోసారి రమ్మంటే మీరు నిశ్చింతగా వద్దనవచ్చు.

అందరి 'వద్దు' బరువూ ఒకటే కాదు. నా మనసులో ఉన్నది దాచకుండా చెబుతాను. ఎన్నడూ లైంగిక సంపర్కం లేని స్త్రీకి ప్రమాదం చాలా తక్కువ, ఆమె వద్దంటే నేను రెండో మాట అడగను. క్యాన్సరుకు సంబంధం లేని కారణంతో ముఖద్వారంతో సహా గర్భాశయం తీసేసినవారికి, ఇంతకుముందు ముందు దశ మార్పులు లేకపోతే, ఈ పరీక్షే అక్కర్లేదు. చిన్న వయసులో హెచ్‌పీవీ టీకా వేయించుకున్నవారికి ప్రమాదం బాగా తగ్గుతుంది, వారు ఎంత అరుదుగా పరీక్షించుకుంటే చాలన్నది ఇంకా మారుతూ ఉన్న విషయం. మరోవైపు, హెచ్‌ఐవీ ఉన్న స్త్రీకి ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు ఆరు రెట్లు, వైరస్ నుంచి క్యాన్సర్ దాకా పట్టే కాలం కూడా తక్కువ. అవయవ మార్పిడి తర్వాత రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు, ఇదివరకే ముందు దశకు చికిత్స పొందినవారు కూడా ఎక్కువ జాగ్రత్త పడవలసినవారే. వీరికీ వద్దనే హక్కు అంతే ఉంది. నేను మాత్రం వారితో ఎక్కువ సేపు మాట్లాడతాను. ఒకసారి హెచ్‌పీవీ ఉందనో, కణాల్లో తీవ్రమైన మార్పు ఉందనో తేలిన తర్వాత పిలిచే పిలుపు కూడా మామూలు పిలుపు లాంటిది కాదు. అప్పుడు వద్దనేముందు ఆ ఆక్లండ్ అంకెలు మళ్లీ చూడమంటాను.

30 దాటి, జీవితంలో ఒక్కసారి కూడా పరీక్షించుకోని స్త్రీని మాత్రం బతిమాలతాను. జీవితంలో ఒక్క హెచ్‌పీవీ పరీక్షకే ఎంతో విలువ ఉంది. మహారాష్ట్రలోని అప్పటి ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా గ్రామాల్లో 30 నుంచి 59 ఏళ్ల స్త్రీల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2009లో వచ్చాయి. ఒకే ఒక్క విడత హెచ్‌పీవీ పరీక్ష, తేడా ఉన్నవారికి చికిత్స. ఆ గుంపులో ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. బతిమాలడం వేరు, బెదిరించడం వేరు. ఆ గీత దాటకుండా బతిమాలే హక్కు డాక్టరుకు ఉందనుకుంటాను.

ఈ స్వేచ్ఛ ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. 2022లో ప్రపంచవ్యాప్తంగా ఈ క్యాన్సరుతో సుమారు 3,50,000 మంది స్త్రీలు చనిపోయారు. అందులో 94 శాతం అల్ప, మధ్యాదాయ దేశాల్లోనే. వారిలో అత్యధికులు పరీక్షను నిరాకరించినవారు కాదు, వారిని అడిగినవారే లేరు. అడిగినచోట కూడా "మా ఇంట్లో అలాంటివి చేయించం" అని భర్తో అత్తగారో జవాబు చెప్పి పంపించేస్తారు. అది ఆ స్త్రీ నిరాకరణ కిందికి రాదు. ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, ఆమె భాషలో చెప్పి, ఆమె నోటితో విన్నదే నిరాకరణ. వద్దనే హక్కు గురించి మాట్లాడేవారు, ఇంట్లో ఎవరి అనుమతీ లేకుండా "చేయించుకుంటాను" అనే హక్కు కోసం కూడా అంతే గట్టిగా నిలబడాలి.

మీ అక్కగారి మాట దగ్గరికి వస్తాను. ఆవిడ ప్రేమతోనే అన్నారు. ఎవరినో పోగొట్టుకున్న భయం ఆ మాట వెనుక ఉందేమో కూడా, ఒకసారి అడిగి చూడండి. కానీ తల్లి అయినంత మాత్రాన స్త్రీ శరీరం కుటుంబం ఉమ్మడి ఆస్తి అయిపోదు. పిల్లల కోసం ఆరోగ్యంగా ఉండాలన్న కోరిక మీకు ఉంది కాబట్టే ఇంత ఆలోచించి ఈ ప్రశ్న అడిగారు. పూర్తిగా తెలుసుకుని తీసుకున్న నిర్ణయం ఏదైనా బాధ్యత గల నిర్ణయమే. భయపడి చేయించుకున్న పరీక్ష, భయపడి తప్పించుకున్న పరీక్ష, రెండింటిలోనూ మీ నిర్ణయం లేదు.

ఇప్పుడు ఏం చేయాలి? ముందు మాత్రల గొడవ తేల్చుకోండి. రక్తపోటు చూపించుకుని, "ఈ రెంటికీ సంబంధం లేదని నాకు తెలుసు, మాత్రలు రాయండి" అని చెప్పండి. రాయకపోతే మరొక డాక్టరు దగ్గరికి వెళ్లండి, ఇందులో మొహమాటం వద్దు. తర్వాత, ఆ ఉత్తరంలో ఉన్న నంబరుకు ఫోను చేసి రెండు ప్రశ్నలు అడగండి: మీరు చేసేది పాప్ స్మియరా, హెచ్‌పీవీ పరీక్షా? నమూనా నేనే తీసుకోవచ్చా? అవునంటే, మీ వయసుకు, ఇన్నేళ్ల విరామానికి నా సలహా ఆ పుల్ల తెచ్చుకోమనే. ఆ సదుపాయం లేకపోతే పైన చెప్పిన షరతులన్నీ ముందే చెప్పి, ఒప్పుకున్న స్త్రీ డాక్టరునో నర్సునో చూసుకోవచ్చు, లేదా ఆ సదుపాయం వచ్చేదాకా ఆగవచ్చు. ఇవన్నీ విన్నాక కూడా మీ మనసు వద్దనే అంటే, వద్దనే చెప్పండి. మీరు సమాచారం తెలుసుకుని నిరాకరించారని, మనసు మారితే ఎప్పుడైనా రావచ్చని తేదీతో సహా ఫైలులో రాయమనండి. అలా రాయించుకున్నాక కూడా ప్రతి సందర్శనలో అదే పాట పాడితే, "రాసి ఉంది, చూడండి" అని చెప్పి మీరు వచ్చిన పని గురించి మాట్లాడండి.